గాలికి ఆరే రంగు

విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు ఎక్కడుందని ఎవరినీ అడగక్కర్లేదు. థిన్నరు వాసన పట్టుకుని నడిస్తే చాలు. అందులోనే ఏళ్ళ తరబడి పనిచేసే మేస్త్రీలకు ఆ వాసనే తెలియదు. టోలుయిన్, జైలీన్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాల వాసన అది. స్ప్రే గన్నులో పోసిన మామూలు మెటాలిక్ బేస్ కోటులో ఐదింట నాలుగు వంతులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, ఈ ద్రావకాలు ఉంటాయి. కారు మీద నిలిచేది కాస్త రెజిను, కాస్త పిగ్మెంటు, మెరుపుకోసం కలిపిన సన్నటి అల్యూమినియం రేకులు. తక్కినదంతా షెడ్డు గాలిలోకీ, మేస్త్రీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

ఈ పద్ధతికి నూరేళ్ళు నిండాయి. వార్నిష్ రంగులు ఆరడానికి వారాలు పట్టే రోజుల్లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో లాకరు తెచ్చింది. జనరల్ మోటార్స్ వారు 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు దాన్ని వేశారు. మన షెడ్లలో స్ప్రే రంగును ఈనాటికీ డ్యూకో అనేవాళ్ళున్నారు. ద్రావకం ఎంత త్వరగా ఎగిరిపోతే పని అంత త్వరగా తెములుతుందన్న లెక్క అప్పుడు మొదలైంది. ఎగిరినది ఎటు పోతోందని అడగడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. లాస్ ఏంజెలెస్‌ను కమ్మేసిన పొగమంచు మీద 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త పరిశోధన చేసి, హైడ్రోకార్బన్ ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని తేల్చాడు. ఆ తర్వాత రంగుల ద్రావకాలూ ఆ పద్దులోకి చేరాయి. 1980లలో కార్ల ఫ్యాక్టరీలు, 1990లలో రిపేరు షాపులు నీటితో పలచన చేసే బేస్ కోటు వైపు మళ్ళాయి. 2007 జనవరి 1 నుంచి యూరప్‌లో రిపేరు షాపుల టాప్‌కోటు రంగుల్లో లీటరుకు 420 గ్రాములకు మించి ఆవిరయ్యే ద్రావకం ఉండకూడదన్నారు. మన దగ్గరికి ఈ నీటి రంగు ప్రధానంగా ఖరీదైన కార్ల వర్క్‌షాపుల ద్వారా వచ్చింది. చిన్న షెడ్డువాళ్ళు మాత్రం ఇది స్ప్రే బూత్, హీటర్లు ఉన్నవాళ్ళ వ్యవహారమని పక్కన పెట్టేశారు. అందులో సగమే నిజం. ఈ రంగుకు వేడి కన్నా గాలి ముఖ్యం.

పాత రంగుతో వాతావరణాన్ని బట్టి థిన్నరు మార్చుకుంటాం, ఎండాకాలం నెమ్మదిగా ఆరేది, చలికాలం త్వరగా ఆరేది. నీటి రంగుకూ ఎండాకాలానికి వేరే రెడ్యూసరు (పలచన చేసే ద్రవం) ఇచ్చే కంపెనీలున్నాయి కానీ, నీటి స్వభావం మారదు కదా. తడి మీద ఉన్న గాలి ఆవిరితో నిండిపోతే ఇక ఆరడం ఆగిపోతుంది. వానాకాలంలో ఇంట్లో దండెం మీద ఆరేసిన బట్టలు ఫ్యాను కింద ఆరడం, ఫ్యాను ఆపితే ముక్క వాసన రావడం అందరూ ఎరిగినదే, ఇక్కడా అదే సూత్రం. అనంతపురం ఎండలో ఇట్టే ఆరే కోటు శ్రావణంలో మచిలీపట్నంలో మొండికేస్తుంది.

పెద్ద షాపుల్లో దీనికి వెంచురీ బ్లోయర్లు వాడతారు. కంప్రెసర్ నుంచి కాస్త గాలి తీసుకుని, చుట్టుపక్కల గాలిని లాగి, ఎన్నో రెట్లు చేసి రేకు మీదుగా పారిస్తాయి. చిన్న కంప్రెసరుకు అంత శక్తి ఉండదు. అక్కడ వెనకవైపు ఫిల్టర్ గుడ్డ కట్టిన ఫ్యానే గతి. దాన్ని ఎదురుగా పెట్టకూడదు. పక్కనుంచి, ఏటవాలుగా, కారు డోరు మీదుగా గాలి జారిపోయేలా పెట్టాలి. గాలి బయటికి పోయే దారీ ఉండాలి, లేదంటే ఆ తడి గాలే షెడ్డులో తిరుగుతుంది. మన షెడ్లలో ఇంకో అలవాటు ఉంది, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లడం. ద్రావకపు రంగుకు అది మంచి ఉపాయమే. నీటి రంగు వేసేటప్పుడు మాత్రం ఆ చల్లిన నీళ్ళే ఆరడానికి అడ్డు పడతాయి. ముందురోజు కడిగి ఆరబెట్టుకోవడం మేలు.

కంప్రెసర్ గాలిలో నూనె, తేమ లేకుండా చూసుకోవడం అన్ని రంగులకూ అవసరమే అయినా ఈ రంగు ఇంకా పట్టింపు మనిషి. చిన్న నూనె బిందువు దగ్గర రంగు పక్కకు తొలగి గుంట పడుతుంది. పొద్దున్నే ట్యాంకు నీళ్ళు వదలడం, లైనులో మంచి ఫిల్టరు పెట్టడం, అంతే. చేతి చెమటలోని ఉప్పు కూడా నీటి రంగుకు శత్రువే. నూనె, మైనం తీసే క్లీనరుతో ఒకసారి, నీటి క్లీనరుతో మరోసారి తుడవాలి, ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టకూడదు. ప్రైమరు తెగి ఇనుము కనబడే చోట నేరుగా కొడితే అప్పటికప్పుడే తుప్పు మచ్చలు పుడతాయి, ముందు ఎపాక్సీ ప్రైమరు పడాల్సిందే. పొడిగా రుద్దితే 500 నంబరు, తడిగా అయితే 800 నంబరు పేపరు సరిపోతుంది. పాత అలవాటుకొద్దీ గరుకు పేపరుతో వదిలేస్తే ఆ గీతలు బేస్ కోటు మీద వేసే పారదర్శకమైన క్లియరు కింద కూడా కనిపిస్తాయి.

గన్ను స్టెయిన్‌లెస్ లోపలి భాగాలతో, 1.2 లేదా 1.3 మిల్లీమీటర్ల నాజిలుతో ఉండాలి. అందులో థిన్నరు చుక్క మిగిలినా రంగు జెల్లీలా ముద్దకడుతుంది, కాబట్టి నీటి రంగుకు వేరే గన్ను ఉంచుకోవడమే క్షేమం. రంగును గిలక్కొట్టకుండా నిదానంగా కలపాలి. రెడ్యూసరు ఎంత పోయాలో ఆ రంగు తాలూకు సాంకేతిక పత్రంలో ఉంటుంది, మామూలుగా 10 నుంచి 20 శాతం. బోరు నీళ్ళు ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు, అందులోని లవణాలు కొన్నాళ్ళకు పొక్కులై పైకి వస్తాయి. కాగితపు వడకట్టుల జిగురు నీటికి కరుగుతుంది, నైలాన్ జాలీ వాడాలి. మాస్కింగుకు న్యూస్‌పేపరు పనికిరాదు, తడిసి రంగును కిందికి వదిలేస్తుంది.

అసలు విద్య గన్ను చేతపట్టాక మొదలవుతుంది. ఇన్‌లెట్ దగ్గర సుమారు 2 బార్ ఒత్తిడితో మొదటి కోటు సమానంగా వేసి ఆగాలి. పాత మేస్త్రీ కన్ను మెరుపు చూసి సంతోషిస్తుంది. ఈ రంగులో మెరుపంటే ఇంకా నీళ్ళున్నాయని అర్థం. రేకంతా మెరుపు చచ్చి మట్టిలా అయ్యేదాకా రెండో కోటు జోలికి పోకూడదు. డోరు అంచులు, హ్యాండిలు గూడు, బంపరు మూలలు ఆఖరికి ఆరతాయి, చూడాల్సింది వాటినే. మెటాలిక్ రంగైతే చివర్లో ఒత్తిడి 1.2 బార్ దగ్గరికి దించి, గన్నును దూరం జరిపి, పలచటి పొగమంచులా ఒక్కసారి తిప్పుతారు. మబ్బులు మబ్బులుగా మచ్చలు కనిపించడం దాంతో పోతుంది. నీరు ఆరుతూ పొర కుదించుకుపోతుంటే అల్యూమినియం రేకులు పడుకుని కారు రేకుకు సమాంతరంగా సర్దుకుంటాయి. అందుకే ఎదురుగా చూస్తే వెండి, పక్కకు జరిగితే నీడ అన్న తేడా నీటి రంగులో అంత స్పష్టంగా ఉంటుంది. సిల్వర్, గ్రే కార్లకు రిపేరు అతుకు కనబడకుండా చేయడంలో దీనిదే పైచేయి అని నా అభిప్రాయం. ఉత్త తెల్ల ట్యాక్సీకి బంపరు రంగేసే షెడ్డుకు మాత్రం ఈ ఖర్చు దండగే.

తొందరపడి, లోపల తడి ఉండగానే క్లియరు కొడితే ఆ నీళ్ళు లోపలే చిక్కుకుంటాయి. అప్పుడు మెరుపు తగ్గడం, సూదిమొన రంధ్రాలు, కొన్నాళ్ళకు పొక్కులు తప్పవు. షేడు చూసుకోవడానికి కూడా ఆరిన బేస్ కోటును నమ్మకూడదు. కార్డు మీద వేసి, క్లియరు పూసి, ఎండలో కారు పక్కన పెట్టి చూడాలి.

ఇక ఈ రంగు చుట్టూ అల్లుకున్న అపోహ ఒకటుంది. నీళ్ళ రంగు కదా, మాస్కెందుకంటారు. బేస్ కోటు తుంపరలు కూడా పీల్చదగ్గవి కావు. దాని మీద వేసే క్లియరైతే చాలా చోట్ల ఇప్పటికీ హార్డెనరు కలిపే ద్రావకపు రంగే. ఆ హార్డెనరులోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి ఒళ్ళు దానికి తిరగబడితే ఆ తర్వాత కొంచెం సోకినా ఊపిరాడదు. వాటికి హెచ్చరించే వాసన ఉండదు, మాస్కులోని బొగ్గు కార్ట్రిడ్జి పనైపోయినా తెలియదు. బయటినుంచి శుభ్రమైన గాలి గొట్టంతో వచ్చే మాస్కే సరైన రక్ష. ఇంటి గ్యారేజీలో, పక్కనే వంటగది ఉన్నచోట, క్లియరు కొట్టే పని పెట్టుకోకండి. గన్ను కడిగిన నీళ్ళు కాలవలో పారబోయడమూ తప్పే. పిగ్మెంటును ముద్దగా విడగొట్టే పొడి కలిపి, వడకట్టి, ఆ మడ్డిని థిన్నరు వ్యర్థంతో కలపకుండా విడిగా ఉంచి, అధికారికంగా తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి.

చిన్న షెడ్డు నడిపేవారికి నా సలహా ఇది: నీటి రంగు టిన్ను కొనకముందు గాలి ఫిల్టరూ, గాలి గొట్టం మాస్కూ కొనండి. పాత బానెట్ మీద సిల్వర్ రంగుతో చెయ్యి తిప్పుకోండి. కారు ఇచ్చే ఆసాములారా, మీరూ ఒక పని చేయండి. బిల్లు బేరమాడే ముందు, క్లియరు వేసేటప్పుడు మీ మేస్త్రీ ఏ మాస్కు పెట్టుకుంటాడో అడగండి, దాని ఖర్చును బిల్లులో ఒప్పుకోండి.