లీకు వెతికే కూలి

ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌లో కారు ఏసీ షెడ్ల ముందు బండ్లు బారులు తీరతాయి. దిగినవాళ్లలో ఎక్కువమంది నోట ఒకటే మాట: "గ్యాస్ కొట్టండి." పెట్రోలులాగే ఏసీ గ్యాసు కూడా తిరిగేకొద్దీ ఖర్చయిపోతుందని చాలామంది నమ్మకం. ఖర్చవదు. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి, అక్కడి నుంచి కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి, అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. దారిలోని రబ్బరు గొట్టాల్లోంచి ఏటా కాస్తంత జారిపోవడం సహజమే. పోయిన వేసవిలో పట్టించింది ఈ వేసవికి మిగల్లేదంటే మాత్రం ఎక్కడో లీకున్నట్టే. అది చాలాసార్లు గొట్టం దగ్గరే దొరుకుతుంది.

దానికి కారణముంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతూ పనిచేస్తుంది. కంప్రెసర్ ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి అదీ ఊగుతుంది. కండెన్సర్ రేడియేటర్ ముందు కదలకుండా కూర్చుంటుంది. ఈ రెంటి మధ్యా అచ్చంగా అల్యూమినియం పైపే వేస్తే ఎన్నాళ్లో నిలవదు, అందుకే నడుమ రబ్బరు గొట్టం. ఆ ఊపంతా భరించేది అదే. ఎండల్లో ఏసీ నడుస్తున్నప్పుడు కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గొట్టంలో ఒత్తిడి 200 నుంచి 250 పీఎస్ఐ దాకా ఉంటుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి 30, 35 దాటదు. పక్కన ఇంజను వేడి సరేసరి.

ఈ పనిలో నన్ను కట్టిపడేసేది వెతుకులాటే. మంచి మెకానిక్ గేజీలు తగిలించకముందే బానెట్ ఎత్తి, టార్చి వేసి, గొట్టం చివర అల్యూమినియం కప్పు బిగించిన చోట కింది వైపు వేలితో తడుముతాడు. కంప్రెసర్‌కి కావలసిన ఆయిలు గ్యాసుతోపాటే తిరుగుతుంది. గ్యాసు పోయే చోట ఆయిలూ చెమరుస్తుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. వేలికి నల్లటి జిడ్డు తగిలితే సగం పని అయినట్టే. తగలకపోతే సిస్టమ్‌లోకి పొడి నైట్రోజన్ ఎక్కించి, కీలు కీలుకీ సబ్బు నురగ పూసి ఎదురుచూస్తాడు. బుడగ ఒక్కోసారి వెంటనే లేస్తుంది. ఒక్కోసారి ఒక్క బుడగ కోసం ఎంతోసేపు వంగి కళ్లప్పగించి ఉండాలి. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చే పని. ఒత్తిడిలో ఆక్సిజన్, ఆయిలు కలిస్తే పేలుడే. ఈ విషయం ప్రతి షెడ్డులో గోడమీద రాసిపెట్టాలి.

లీకు దొరికాక చీలిన చోట క్లిప్పు బిగించో, ఎపాక్సీ ముద్ద పూసో పంపేవాళ్లున్నారు. అంత ఒత్తిడికి, ఊపుకి అవి ఆగవు. కొత్త గొట్టం దొరికితే మంచిదే. పాత మోడళ్లకు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అక్కడే ఆటోనగర్ పనితనం కనిపిస్తుంది. గొట్టం విప్పి, పాత కప్పును జాగ్రత్తగా కోసి తీసేస్తారు. లోపలి అల్యూమినియం ముక్కు మీద రంపం గీత పడకూడదు, పడితే ఆ గీత వెంటే గ్యాసు మళ్లీ పోతుంది. లోపల నైలాన్ పొర ఉన్న ఏసీ గొట్టమే వేయాలి, మామూలు రబ్బరు పనికిరాదు. నిటారుగా కోసి, ముక్కుకు చుక్క ఆయిలు రాసి తొడిగి, కొత్త కప్పు వేసి, క్రింపింగ్ మిషన్‌లో చుట్టూ సమంగా నొక్కుతారు. ఎక్కువ నొక్కితే లోపొర తెగుతుంది, తక్కువైతే సందు మిగులుతుంది. కొలత మెషిన్‌దే అయినా, ఏ గొట్టానికి ఎంతన్నది ఆ మనిషికి తెలిసి ఉండాలి.

మిగతాది ఓపిక. ఓ-రింగులు, డ్రయ్యర్ కొత్తవి. కనీసం అరగంట వాక్యూమ్. గేజీలో వాక్యూమ్ 29 అంగుళాలకు వెళితే లోపలి తేమ మామూలు వేడికే ఆవిరై బయటికొస్తుంది. వాక్యూమ్ నిలిస్తేనే గ్యాసు. అదీ అంచనాగా కాదు, బానెట్ కింద స్టిక్కర్‌లో రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి.

ఇదంతా దాటేసి ఏటా గ్యాసు కొట్టించుకోవడం మన జేబుకే నష్టమనుకుంటే పొరపాటు. ఇప్పటికీ మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాసు ఓజోన్ పొరను దెబ్బతీయదు కాని, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అరకిలో గాలిలో కలిస్తే దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత. 2016లో కిగాలీలో ఈ జాతి గ్యాసుల్ని తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి, 2021లో భారత్ ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. ఒప్పందం ఎక్కడ జరిగినా అమలు కావలసింది ఈ షెడ్లలోనే.

కాని వెతుకులాటకు మనం కూలి ఇవ్వం. గ్యాసుకు అడిగినంతా ఇచ్చి, పూటంతా బుడగ కోసం వంగినవాడితో "చూసినందుకు కూడానా?" అని బేరమాడతాం. అందుకే చాలా షెడ్లలో వెతకడం మానేసి గ్యాసు కొట్టి పంపుతున్నారు; వాళ్లనెలా తప్పుపడతాం? ఈసారి బండి తీసుకెళ్లినప్పుడు "ముందు లీకు చూడన్నా, దానికెంతో చెప్పు, ఇస్తాను" అనండి. పని అయ్యాక మార్చిన పాత గొట్టం ముక్క చూపించమనండి.