నల్లరేగడి మీద గోడ నిలిపే బేల్దారి

గడివేముల వైపు నల్లరేగడి శనగకు, పత్తికి ఎంత మేలో ఇంటికి అంత చేటు. అందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఇంటి అంచుల కింద నేల ముందు తడిసి ముందు ఆరుతుంది; నడిమధ్య అంత తొందరగా మారదు. అందుకే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు.

మంచి బేల్దారి పునాది గుంతలోంచి పిడికెడు మట్టి తీసి, తడిపి, అరచేతుల మధ్య నులుముతాడు. తెగకుండా సన్నటి దారంలా సాగిందా, పెదవి విరుస్తాడు. నల్లమట్టి లోతు తక్కువైతే గట్టినేల తగిలేదాకా తవ్విస్తాడు. ఎక్కువైతే కొంత తీసేసి, గరుసు పొరలుపొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టిస్తాడు. చవకని ఒట్టి ఇసుక నింపితే నీళ్లన్నీ అక్కడే చేరతాయి. రేగడిలో సున్నం కలిపినా ఉబ్బు తగ్గుతుంది.

మరీ లోతైన రేగడికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పైల్ అనే పునాది స్తంభం ఉంది. సుమారు 3.5 మీటర్ల లోతున, తేమ పెద్దగా మారని చోట, దాని అడుగు కాండానికి రెండున్నర రెట్లు వెడల్పు. పైన బీముకూ నేలకూ మధ్య కాస్త సందు వదలాలి. మట్టి ఉబ్బినా బీమును ఎత్తదు. ఆ సందు విలువ తెలిసినవాడే నా లెక్కలో పనిమంతుడు.

ఇంటి చుట్టూ చప్టా వేసి వాలు పెట్టేదాకా అతను కూలి తీసుకోడు. స్నానాలగది తూము గోడ పక్కకే వదిలే యజమానితో మాత్రం గొడవే.