మూడో బెజ్జం

పోయిన వేసవిలో యర్రగొండపాలెంలో మా ఇంటి వసారాలో కూర్చుని ఒక ముక్కాలి పీట చేశాను. నిజానికి రెండు చేశాను. మొదటిది పగిలింది. ఈ వ్యాసం ఆ పగిలిన పీట గురించీ, నన్ను ఆ పనిలోకి దింపిన పుస్తకం గురించీ.

పుస్తకం పేరు 'ద నేచర్ అండ్ ఆర్ట్ ఆఫ్ వర్క్‌మన్‌షిప్'. 1968లో వచ్చింది. రాసినాయన డేవిడ్ పై, లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ ప్రొఫెసర్. (ఇంటిపేరు తెలుగు వాక్యంలో విభక్తిలా కనపడి కంగారు పెడుతుంది కాబట్టి ఇకమీదట డేవిడ్ అనే అంటాను.) పాఠాలు చెప్పడమే కాదు, చెక్కతో గిన్నెలూ డబ్బాలూ స్వయంగా చేసిన మనిషి. అందుకే పుస్తకంలో చేతిపని మీద పూజ లేదు, లెక్క ఉంది.

ఆయన చెప్పేది స్థూలంగా ఇదీ. 'చేత్తో చేసింది', 'మిషన్‌తో చేసింది' అన్న విభజన వల్ల ఏమీ తేలదు. చేతి బర్మా కూడా ఒక యంత్రమే కదా. అడగాల్సింది వేరే: పని జరుగుతున్నంతసేపూ ఫలితం చెడిపోయే వీలుందా, లేక మొదలుపెట్టకముందే ఖాయమైపోయిందా? మొదటిది రిస్కుతో కూడిన పనితనం, రెండోది ఖాయమైన పనితనం. కలంతో రాయడం మొదటి రకం, అచ్చువేయడం రెండో రకం. అచ్చులో రిస్కు లేకపోలేదు, అది అక్షరాలు కూర్చేటప్పుడే అయిపోతుంది. మిషను తిరగడం మొదలయ్యాక కొత్తగా చెడేది పెద్దగా ఉండదు.

ఇది చదివినప్పుడు నాకు నా ఉద్యోగం గుర్తొచ్చింది. పదేళ్ళుగా నేను రాసే ప్రతి లైనుకీ వెనక్కి వెళ్ళే దారి ఉంది. తప్పు చేస్తే రెండు కీలు నొక్కితే చాలు. ఇంకా పెద్ద తప్పు చేస్తే నిన్నటి వెర్షన్ ఎక్కడికీ పోదు. మా వైపు పిల్లలకి ఇది కొత్త కాదులెండి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళం. తప్పు రాస్తే ఉమ్మేసి చెరిపేయడం ఒకటో తరగతిలోనే వచ్చు. మా పక్క ఊరి రాయి దేశంలో ఎందరికో చెరపడం నేర్పించింది.

చెరపడానికి కుదరని పని ఒక్కటైనా చేద్దామనిపించింది. ఇది ఊరికే వచ్చిన సరదా అయితే హైదరాబాద్‌లోనే ఏ వారాంతపు వర్క్‌షాప్‌కో వెళ్ళి ఏప్రాన్ కట్టుకుని ఫొటో దిగేవాణ్ణి. అసలు సంగతి మా అమ్మ మోకాళ్ళు. కింద పీట మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. పెరట్లో కుళాయి దగ్గర పరిచిన బండలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. ప్లాస్టిక్ స్టూలు వేస్తే ఏదో ఒక కాలు గాల్లో ఉంటుంది. దాని కింద అమ్మ అట్టముక్క మడిచి పెడుతుంది, అది తడిసి నలిగిపోతుంది, మర్నాడు ఇంకో అట్టముక్క.

మూడు కాళ్ళయితే ఈ బాధ లేదు. మూడు బిందువులు ఎక్కడ పెట్టినా ఒకే తలంలో ఉంటాయి కాబట్టి నేల ఎలా ఉన్నా మూడూ ఆనతాయి. కానీ దీనికో ఖరీదుంది, ఇంటర్నెట్‌లో ముక్కాలి పీటల్ని మెచ్చుకునేవాళ్ళు అది చెప్పరు. ఒకే వృత్తం మీద కాళ్ళు పెడితే, నాలుగు కాళ్ళ పీట మీద బరువు మధ్య నుంచి వ్యాసార్థంలో 70 శాతం దాకా ఏ వైపు జరిగినా పీట పడదు. మూడు కాళ్ళదానికి రెండు కాళ్ళ మధ్య వైపు ఆ హద్దు 50 శాతమే. ఊగదు గానీ ఒరుగుతుంది. అందుకే కాళ్ళు నిటారుగా కాకుండా బయటికి వాల్చి పెట్టాలి. ఆ వాలులోనే ఉంది పనంతా.

వాల్చి బెజ్జం వేయడం నాకు రాదు. బజారు వెనక ఒక ఆచారి ఉన్నాడు, మా తాత నాగలికి పనిచేసినాయన కొడుకు, ఇప్పుడు ఆయనే తాత వయసువాడు. ఆచారి తాతా అనే పిలుస్తాను. పనిముట్లు అడిగితే ముందు నా అరచేతులు చూశాడు. "ఏంది నాయనా, కంప్యూటర్ పని పోయిందా?" అన్నాడు. పోలేదని చెప్పి ఒప్పించడానికి కాస్త టైం పట్టింది. రంపం, బాడిశ, ఉలి, చేతి బర్మా, కొయ్యసుత్తి ఇచ్చాడు. బాడిశ మాత్రం తన ముందే వాడమన్నాడు.

గాలివానకి పడిన మా పెరటి వేప పలక ఒకటి ఏడాదిగా గోడకి ఆనించి ఉంది. 2 అంగుళాల మందం. దాంట్లోంచి 12 అంగుళాల గుండ్రటి పీట. కాళ్ళకి నల్లతుమ్మ. వృత్తం గీసి, అదే వ్యాసార్థంతో అంచు చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు వస్తాయి, ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే మూడు కాళ్ళకీ చోట్లు. స్కూల్లో నేర్చుకున్న రేఖాగణితం మొట్టమొదటిసారి నాకు కూర్చోవడానికి పనికొచ్చింది. వాలుకి ఒక అట్ట కోసి పక్కన నిలబెట్టి, బర్మా దానికి సమాంతరంగా ఉందో లేదో చూసుకుంటూ తిప్పాలి. కాళ్ళ కొసలు బెజ్జానికి సరిపడా చెక్కితే కుసులు తయారు. కాళ్ళని మాత్రం వారం రోజులు ఎండబెట్టించాడు ఆచారి తాత. కుసి బాగా ఎండి, పీటలో కొంచెం పచ్చి మిగిలుంటే, పీట ఎండే కొద్దీ బెజ్జం బిగుసుకుని కుసిని పట్టుకుంటుంది. మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు.

ఇంకా గట్టిగా పట్టాలంటే కుసి కొసన రంపంతో గాటు పెట్టి, పీట పైనుంచి అందులోకి సన్నటి చెక్క చీలిక దిగ్గొట్టాలి. చీలిక దిగితే కుసి విచ్చుకుంటుంది. ఇక్కడే ఒక నియమం ఉంది. చీలిక పీట నారకి అడ్డంగా ఉండాలి. అప్పుడు కుసి నార వెంబడి విచ్చుకుంటుంది, చెక్క తట్టుకుంటుంది. నార వెంబడే చీలిక పెడితే కుసి అడ్డంగా తోస్తుంది, పొయ్యిలోకి కట్టె చీల్చినట్టే. రెండు కాళ్ళకి సరిగ్గానే పెట్టాను. మూడోదానికి, అప్పటికే అలవాటైపోయిందన్న ధీమాతో, గాటు ఎటు తిరిగిందో చూడకుండా కొట్టాను. మూడో దెబ్బకి పీట అంచుదాకా ఒక గీత పాకింది. అది నేను గీసింది కాదు.

డేవిడ్ చెప్పిన రిస్కు అంటే ఇదన్నమాట అనుకున్నాను. కాస్త గొప్పగా కూడా అనిపించింది, ఒప్పుకోవాలి. పుస్తకం నా చేతిలో రుజువైనట్టు.

ఆచారి తాత దాన్ని చూసి నవ్వలేదు. పలక ఎంతకి కోయించావు అని అడిగాడు. చెట్టు మా ఇంటిదే, సామిల్లులో కోతకూలి ఒక్కటే అన్నాను. "నీ చెట్టు కాబట్టి సరిపోయింది. నేను చేసుంటే ఆ చెక్కా నాదే, ఆ రోజు కూలీ నాదే" అన్నాడు.

ఆ మాట తర్వాత నేను పుస్తకాన్ని మళ్ళీ చదివాను. అందులో ఒక అధ్యాయం నాకు చాలా ఇష్టం, రస్కిన్ మీద విమర్శ. 1853 నాటి 'స్టోన్స్ ఆఫ్ వెనిస్'లో రస్కిన్ పనివాడి లోపాల్లో స్వేచ్ఛ చూశాడు. డేవిడ్ దాన్ని తిప్పికొడతాడు. మంచి పనివాడు కోరుకునేది అదుపు, వంకర కాదు అంటాడు. రస్కిన్ పుస్తకాల్లో ఇంకొకటి గాంధీ మీద ఎంత పనిచేసిందో మనకి తెలుసు. చేతిపని అనగానే మన గొంతు మారిపోవడంలో ఆ వారసత్వం కొంత ఉంది. 'హ్యాండ్‌మేడ్ కాబట్టి వంకర సహజం' అని లేబుల్ వేసి రెండింతల ధరకి అమ్మే మన నగరపు షాపుల ముందు డేవిడ్ పుస్తకం పెట్టాలనిపిస్తుంది. ఆచారి తాత కూడా ఈ వాదంలో ఆయన పక్షమే. ఆయన దగ్గర పాత కొలత కర్ర ఒకటుంది, దాని నిండా గాట్లు, గడప కొలత ఇదీ కిటికీ కొలత ఇదీ అని. ప్రతిసారీ కొత్తగా ఆలోచించి తప్పు చేసే అవకాశాన్ని ఆ కర్ర తీసేస్తుంది. రిస్కుని ఆయన ఆస్వాదించడు, వీలైనంత తగ్గించుకుంటాడు.

కానీ డేవిడ్ పుస్తకం మొత్తంలో రిస్కు అంటే వస్తువు నాణ్యతకి వచ్చే రిస్కే. చెడితే నష్టం ఎవరికి అన్న ప్రశ్నకి అందులో చోటు లేదు. జీతం వచ్చే ప్రొఫెసర్‌కి గిన్నె పగిలితే గిన్నే పోతుంది. నాకు పీట పగిలితే వ్యాసం వచ్చింది. ఆఫీసులో నా కోడ్ వల్ల సర్వర్ ఆగిపోతే మీటింగ్ పెట్టుకుని ఎవర్నీ నిందించకుండా కారణాలు రాసుకుంటాం, నెలాఖరుకి జీతం పడుతుంది. ఒకప్పుడు ఇదే ఊళ్ళో వడ్రంగికి మేర ఉండేది. ఏడాదంతా నాగళ్ళూ గుంటకలూ బాగుచేస్తే కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళు. నాగలి రెండుసార్లు విరిగినా ఆ రోజు తిండి పోయేది కాదు, చెడిపోయిన పని బరువు ఏడాది మీదా ఊరి మీదా పడేది. అదేదో స్వర్ణయుగం అనడం లేదు. ఎంత కొలవాలో రైతు చెప్పేవాడు, కులం చెప్పేది. వాన పడని ఏడు మేర కూడా పడదు, మా పశ్చిమ ప్రకాశంలో వాన పడని ఏళ్ళకేం కొదవ! నేను చెప్పేదల్లా ఒకటే. ట్రాక్టరు వచ్చి మేర పోయాక అదే చెయ్యి, అదే బాడిశ, అదే పనితనం ఉన్నా, రిస్కు మాత్రం వస్తువు వస్తువుకీ విడివిడిగా ఒక్క మనిషి నెత్తిన పడింది. డేవిడ్ లెక్కలో ఈ మార్పు కనపడదు. ఆయన కొలబద్దకి నాగలి ముందూ తర్వాతా ఒకేలా ఉంటుంది.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చేసిందా అని ఆలోచించాను. వృత్తులు పోయాయన్న దుఃఖం మనకి బాగా వచ్చు. గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' విని కదలనివాడెవడు? అది పాట, దాని పని అది చేసింది. నా ఫిర్యాదు దాని తర్వాత వచ్చిన వచనం మీద. నేను చదివిన చాలా కథల్లో వడ్రంగి రాగానే మూలన పనిముట్లు తుప్పుపట్టి ఉంటాయి. ఆయన చెయ్యి ఏం చేస్తుందో, నార ఎటు పోతుందో ఎలా కనిపెడతాడో, ఒక్క వాక్యం ఉండదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో తెచ్చారు. నాగలి భాగాలకి ఊరూరా ఏమంటారో అడిగి రాసుకున్న పని అది. పని పోయిందని ఏడ్చే ముందు పని పేర్లు తెలుసుకోవాలన్న మర్యాద నాకు అందులో కనిపిస్తుంది. 'కుసి' అన్న మాట నాకు ముప్పై నాలుగేళ్ళకి తెలిసింది, అదీ పీట పగిలాక.

రెండో పీట ఆచారి తాత కొట్టంలో కూర్చుని చేశాను. పలక ఆయనది, డబ్బు ముందే ఇచ్చాను. మూడో బెజ్జం దగ్గర గాటు ఎటుందో రెండుసార్లు చూసుకున్నాను, ఆయన మూడోసారి చూశాడు. 16 అంగుళాల ఎత్తు. కాళ్ళు సమంగా కోయడంలో ఎక్కడో అర అంగుళం తేడా వచ్చింది. ముక్కాలి పీటకి ఇదో చిత్రమైన గుణం, కాళ్ళు పొట్టీ పొడుగూ అయినా ఊగదు కాబట్టి తప్పు బయటపడదు, పీట కొంచెం వాలుతుంది అంతే. సరిచేస్తానంటే అమ్మ వద్దంది. కుళాయి దగ్గర బండ ఎటూ పల్లమే కాబట్టి పొడుగు కాలు అటు వేసి కూర్చుంటోంది. అట్టముక్కలు మానేసింది. పగిలిన పీటని ఆచారి తాత అడిగి తీసుకున్నాడు, చీలిన చోట పూర్తిగా విడగొట్టి, రెండు ముక్కల్నీ తన కొలత కర్ర పక్కన పెట్టుకున్నాడు, తలుపు గొళ్ళేనికి పనికొస్తాయని.