డెబ్బై రెండు గంటల సెమిస్టర్

‘ది సిమ్స్ 2’ ఆటలో ఒక సెమిస్టర్ అంటే 72 గంటలు. మూడు పగళ్లు, మూడు రాత్రులు. ఇలాంటివి ఎనిమిది గట్టెక్కితే నాలుగేళ్ల డిగ్రీ చేతికొస్తుంది. ఆ 72 గంటల్లో విద్యార్థి క్లాసులకు వెళ్లాలి, అసైన్‌మెంట్లు చేయాలి, టర్మ్ పేపర్ రాయాలి, ఆఖర్న ఫైనల్ పరీక్షకు హాజరవ్వాలి. ఈలోపు తినాలి, పడుకోవాలి, స్నానం చేయాలి, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలి, కాస్త సరదాగా గడపాలి. వీటిలో ఒకటి బాగా వెనకబడితే చాలు, పుస్తకం పట్టుకోమన్నా పట్టుకోడు. తెర మీంచి నేరుగా ఆటగాడి వైపు తిరిగి, చేతులూపుతూ సిమ్లిష్ అనే తన ఆట భాషలో దెబ్బలాటకు దిగుతాడు. చదవమని బతిమాలడానికి మాటలుండవు, బెదిరించడానికి బెత్తం ఉండదు. ముందు అన్నం పెట్టాలి, అంతే.

విల్ రైట్ రూపకల్పనలో మాక్సిస్ సంస్థ 2000 ఫిబ్రవరిలో ‘ది సిమ్స్’ను విడుదల చేసింది. 1991లో ఓక్లాండ్ కొండల మీద చెలరేగిన కార్చిచ్చులో రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఇల్లు సమకూర్చుకోవాల్సి వచ్చిన ఆ అనుభవం లోంచే ఈ ఆట ఆలోచన మొలకెత్తింది. గెలుపు గీత లేని ఆట ఇది. మనుషులను పుట్టించి, పెంచి, ఉద్యోగాలకు పంపి, పెళ్లిళ్లు చేసి, సాగనంపడమే పని. 2004లో రెండో భాగం వచ్చింది. 2005 మార్చిలో దానికి తొలి అనుబంధంగా ‘యూనివర్సిటీ’ వచ్చి, టీనేజీకీ పెద్దరికానికీ మధ్య యవ్వనమనే కొత్త దశను చేర్చింది. యూనివర్సిటీ విద్యార్థిని నెగ్గుకొచ్చేలా చేయడమన్నది అప్పటి నుంచి ఆటగాళ్లలో ఒక ప్రత్యేక విద్యగా పెరుగుతూ వచ్చింది. దానికి మెళకువలున్నాయి, సంప్రదాయాలున్నాయి, వాదోపవాదాలూ ఉన్నాయి.

కొత్తగా ఆడేవాళ్లు చేసే మొదటి పని, విద్యార్థిని బుద్ధిగా ప్రతి క్లాసుకూ పంపడం. వెళ్లొచ్చేసరికి వాడికి ఆకలి, అలసట, చిరాకు. అసైన్‌మెంట్ మొదలుపెడతాడు, సగంలో వదిలేస్తాడు. చేయి తిరిగినవాళ్లు ఆ దారిన పోరు. ఆటలో చదువు పురోగతిని చూపే ఒక బార్ ఉంటుంది. సెమిస్టర్ మొదట్లో ఖాళీగా ఉంటుంది, చదివే కొద్దీ నిండుతుంది. పూర్తిగా నిండాక మిగిలిన క్లాసులకు వెళ్లాల్సిన పని లేదు, ఫైనల్ పరీక్షకు వెళ్తే చాలు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష గుమ్మం తొక్కనివ్వని మన ఇంజినీరింగ్ కాలేజీల లెక్క ఇక్కడ చెల్లదు. కాబట్టి మొదటి రోజే దాడి మొదలవుతుంది. విద్యార్థి కడుపు నిండుగా, నిద్ర తీరి ఉన్న ఆ కొద్ది గంటల్లో టర్మ్ పేపర్ రాయించేస్తారు. అది సెమిస్టర్‌కు ఒక్కసారే రాసేది, దాంతో బార్ బాగా కదులుతుంది. ఆ వెంటనే అసైన్‌మెంట్లు, పరిశోధన. బార్ నిండిపోతే మిగతా సమయమంతా చేతిలో ఉన్నట్టే.

ఆ మిగిలిన సమయం సెలవు కాదు. ఒక్కో మేజర్, అంటే విద్యార్థి ఎంచుకునే ప్రధాన సబ్జెక్టు, ఏటికేడు కొన్ని నైపుణ్యాలను అడుగుతుంది. వంట, యంత్రాల పని, మాటకారితనం, వ్యాయామం, తర్కం, సృజన, శుభ్రత అని ఆటలో మొత్తం ఏడున్నాయి. ఏ మేజర్‌కు ఏవి కావాలో ముందే చూసుకుని, వచ్చే ఏడాదికి కావాల్సినవి ఈ ఏడాదే నేర్పించడం నిజమైన పనితనం. మేజర్లు పదకొండు. మూడో ఏడు మొదలయ్యేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. తత్వశాస్త్రమా, నాటకమా అని తాత్సారం చేసేవాళ్లకు రెండేళ్లు గడువిచ్చిన ఉదారత గమనించదగ్గది.

నైపుణ్యాలు త్వరగా పెరగడానికి ఒక టోపీ కూడా ఉంది. ఆశయాలు నెరవేరినందుకు బహుమతిగా దొరికే ఆ ‘థింకింగ్ క్యాప్’ పెట్టుకుంటే గంటల పని నిమిషాల్లో అవుతుంది. కానీ విద్యార్థి మనసు నిబ్బరంగా, ఆశయాల కొలత పైస్థాయిలో ఉన్నప్పుడే పెట్టాలి. నీరసపడ్డవాడి నెత్తిన పెడితే బెడిసికొడుతుంది, నేర్చుకున్నది కూడా పోతుంది. అందుకే అనుభవజ్ఞులు చదువు కంటే ముందు ఆ మనిషి కోరికల జాబితా చూస్తారు. జ్ఞానం ఆశయంగా ఉన్నవాళ్లతో తిప్పలు లేవు. నైపుణ్యం పెంచుకోవాలనీ, మంచి గ్రేడు తెచ్చుకోవాలనీ వాళ్లే కోరుకుంటారు. చదువూ తృప్తీ ఒకే దారిలో నడుస్తాయి. ప్రణయమే పరమార్థంగా పుట్టినవాడితోనే అసలు పరీక్ష. వాడికి మంచి మార్కుల మీద మోజుండదు, కావాల్సింది కొత్త ముద్దు. వాడి కోరికను పక్కనపెట్టి పుస్తకం ముందు కూర్చోబెడితే రెండు రోజుల్లో కుంగిపోతాడు. ఒక సాయంత్రం వాడి మానాన వాణ్ని వదిలేసి, మనసు తేలికపడ్డాక రాత్రి అసైన్‌మెంట్ చేయిస్తే పనవుతుంది. ఈ చిన్న కిటుకులో మంచి వార్డెన్లకు తెలిసిన సంగతే ఉంది.

శరీరాన్ని సంభాళించడం మరో కళ. ‘సిమ్స్ 2’లో ఎనిమిది అవసరాలున్నాయి: ఆకలి, హాయి, బాత్రూమ్, ఓపిక, సరదా, సాంగత్యం, పరిశుభ్రత, పరిసరాలు. ఒక్కోటీ విడివిడిగా తీర్చబోతే రోజు చాలదు. ఒకే పనితో రెండు మూడు తీరేలా చూడాలి. నలుగురితో ఒక బల్ల దగ్గర కూర్చుని తింటే ఆకలీ సాంగత్యమూ తీరతాయి. టీవీ ముందు పళ్లెం పెట్టుకుంటే ఆకలీ సరదా. షవర్ కింద నిలబడే బదులు తొట్టిలో పడుకుంటే ఒళ్లు శుభ్రం, హాయి కూడా. ఎస్ప్రెసో తాగితే నిద్ర కాసేపు వాయిదా పడుతుంది గానీ బాత్రూమ్ అవసరం ముంచుకొస్తుంది. పరీక్ష ముందు రెండు కప్పులు తాగించి, విద్యార్థిని దారి మధ్యలో అవమానం పాలు చేసిన ఆటగాళ్లకు కొదవ లేదు.

ఎక్కడ ఉంచాలన్న దాని మీదా రెండు వర్గాలున్నాయి. సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకుంటే ప్రశాంతత. హాస్టల్లో అయితే వంటమనిషి వండిపెడతాడు, మాట్లాడ్డానికి మనుషులు ఎప్పుడూ ఉంటారు, కాబట్టి ఆకలికీ సాంగత్యానికీ వెతుక్కోనక్కర్లేదు. అయితే హాస్టల్ కుర్రాళ్లు మన మాట వినరు. వరండాలో కాలితో సంచి బంతి తన్నుకుంటూ, అర్ధరాత్రి దిండ్లతో కొట్టుకుంటూ ఉంటారు. ఆవు వేషం వేసుకున్న మస్కట్ ఒకటి వచ్చి జనాన్ని ఏడిపించి పోతుంది. చదువు కోసం హాస్టల్‌ను ఎంచుకున్నవాళ్లు చివరికి ఈ గోలను చూడ్డం కోసమే అక్కడ ఉండిపోతారు. పైగా రహస్య సంఘం కూడా ఉంది. లామా బొమ్మ ముద్రించిన కోటు తొడుక్కుని తిరిగే సభ్యుల్లో ముగ్గురితో స్నేహం కుదిరితే ఒక రాత్రి సంకెళ్లు వేసి కారులో ఎత్తుకుపోతారు. సభ్యత్వం ఇచ్చే పద్ధతే అది.

డబ్బు సంగతి కాలేజీకి రాకముందే చూసుకోవాలి. టీనేజీలో పెంచుకున్న నైపుణ్యాలకూ, స్కూల్లో తెచ్చుకున్న గ్రేడ్లకూ స్కాలర్‌షిప్పులొస్తాయి. తల్లిదండ్రులు లేనివాళ్లకు ఒకటి, బిలియర్డ్స్ బాగా ఆడేవాళ్లకు ఒకటి, గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయి వదిలేసినవాళ్లకు నష్టపరిహారంగా ఒకటి. చివరిది రావాలంటే టీనేజీలో రాత్రుళ్లు మేడ మీద టెలిస్కోప్ ముందు కూర్చోబెట్టాలి మరి.

పేపర్ వేరేవాళ్లతో రాయించుకునే వీలూ ఉంది. కోరికలు తీరినప్పుడు సమకూరే పలుకుబడి పాయింట్లు ఖర్చుపెడితే తోటి విద్యార్థి మన అసైన్‌మెంటూ, టర్మ్ పేపరూ చేసిపెడతాడు. నిజాయితీపరులు దీన్ని వాడరు. వాడేవాళ్లు మాత్రం ఆ పలుకుబడి సంపాదించడానికి పట్టిన సమయంలో సొంతంగానే రాసుకుని ఉండొచ్చన్న సంగతి లెక్కేసుకోరు. ఫైనల్లో ఫెయిలైతే ప్రొబేషన్, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అప్పుడూ తప్పితే ఇంటికే. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలకు జీపీఏ, ప్రొబేషన్ మాటలు కొత్తగా వివరించాల్సిన పని లేదు.

2013లో వచ్చిన ‘సిమ్స్ 3: యూనివర్సిటీ లైఫ్’ సెమిస్టర్లు తీసేసి క్రెడిట్లు తెచ్చింది. డిగ్రీకి 48 క్రెడిట్లు. వెళ్లేముందు రాసే ఆప్టిట్యూడ్ పరీక్షలో రాణిస్తే కొన్ని ముందే జమవుతాయి. పుస్తకాల పురుగులు, ఆటల వీరులు, తిరుగుబాటుదారులు అని మూడు గుంపులు పెట్టి, ఎవరితో తిరిగితే ఆ గుంపులో పేరొచ్చేలా చేసింది. సరదాగానే ఉంటుంది గానీ, విద్యార్థిని సంభాళించే పనితనం ఇందులో పెద్దగా ముందుకు సాగలేదు.

2019 నవంబరులో వచ్చిన ‘సిమ్స్ 4: డిస్కవర్ యూనివర్సిటీ’ మాత్రం లెక్కను తిరగేసింది. బ్రైట్‌చెస్టర్ ఊళ్లో రెండు విద్యాసంస్థలు. ఇటుక గోడల పాతకాలపు యూనివర్సిటీ ఆఫ్ బ్రైట్‌చెస్టర్ కళలకూ భాషలకూ పేరు పడింది, ఫాక్స్‌బరీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్ర సాంకేతికాలకు. డిగ్రీలు పదమూడు. వాటిలో విలనీ కూడా ఒకటి, దానికి సిలబస్ ఉంది, గ్రేడ్లున్నాయి. పట్టా కావాలంటే పన్నెండు కోర్సులు పూర్తిచేయాలి. టర్మ్‌కు నాలుగు దాకా తీసుకోవచ్చు.

చూస్తే నాలుగే మేలనిపిస్తుంది, మూడు టర్ముల్లో డిగ్రీ అయిపోతుంది కదా. ఉరకలేసే ఉత్సాహంతో నాలుగు తీసుకున్నవాళ్లు మొదటి వారం సగం గడిచేసరికే కూలబడతారు. ప్రతి కోర్సుకూ హోంవర్క్ వేరు. కొన్నింటికి టర్మ్ పేపర్, కొన్నింటికి ప్రజెంటేషన్. పేపర్ రాసేసి పంపితే సరిపోదు, మళ్లీ తెరిచి సవరిస్తే నాణ్యత పెరుగుతుంది. ప్రజెంటేషన్‌కు బోర్డు తయారు చేయాలి, దాన్ని మెరుగుపరచాలి, క్యాంపస్‌కు మోసుకెళ్లి నలుగురి ముందు చెప్పాలి. ఈ పనులన్నీ వారం చివర పెట్టుకున్నవాడి బతుకు చెప్పనక్కర్లేదు.

ఇక్కడి కిటుకు మనసు వాతావరణంలో ఉంది. ‘సిమ్స్ 4’ మనుషులకు భావోద్వేగాలున్నాయి, ఏకాగ్రత వాటిలో ఒకటి. ఏకాగ్రతలో ఉండగా చేసిన హోంవర్క్ త్వరగా తెములుతుంది. దాన్ని పుట్టించడానికి చదరంగం బల్ల ముందు కూర్చోబెట్టి ఎత్తులు ఆలోచించమంటే చాలు. ఆట ఆడక్కర్లేదు, ఆలోచిస్తే సరి. లేవగానే మనసు ఏకాగ్రతలో ఉంటుంది, వెంటనే హోంవర్క్ తెరిపించాలి. అనుభవజ్ఞుల ఇళ్లలో చదువు బల్ల పక్కనే చదరంగం బల్ల కనిపించడానికి కారణం ఇదే. ఈ కిటుకు తెలిసినా సాధారణంగా వాళ్లు మూడేసి కోర్సులు తీసుకుని నాలుగు టర్ముల్లో ముగిస్తారు. ఒక్క టర్మ్ ఎక్కువైనా గ్రేడ్లు పడిపోవు, విద్యార్థికి పిచ్చెక్కదు.

రెండు ఆటల మధ్య అసలు తేడా కాలం నడకలో ఉంది. ‘సిమ్స్ 2’ విద్యార్థి సెమిస్టర్లు లెక్కపెట్టుకుంటాడే తప్ప వయసు గంట కొట్టదు. కాలేజీ గడిచేదాకా ఊళ్లో మిగతా ఇళ్లు ఎక్కడున్నవి అక్కడే ఆగిపోతాయి. ‘సిమ్స్ 4’లో వయసు ఆగదు. చదువుకు పెట్టిన ప్రతి రోజూ యవ్వనంలోంచి కోత, ఆటగాడు సెట్టింగులు మార్చి వయసును ఆపితే తప్ప. నిజ జీవితానికి రెండోదే దగ్గర, కాదనలేం. ఆటగా మాత్రం మొదటిదే గొప్పది. బార్ త్వరగా నింపినవాడికి అది ఖాళీ సాయంత్రాలిస్తుంది. ఆ ఖాళీలోనే స్నేహాలు కుదురుతాయి, తగాదాలు పుడతాయి, గిటార్ పట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించాలన్న ఊహ వస్తుంది. ‘సిమ్స్ 4’ ఆ ఖాళీని హోంవర్క్‌తో నింపేసింది. చక్కగా ఆడినా మిగిలేది గ్రేడు కార్డే.

‘సిమ్స్ 2’లో కాలం ఆగే వెసులుబాటు నుంచే ఇళ్లు తిప్పుకుంటూ ఆడే పద్ధతి పుట్టింది. ఒక ఇంట్లో ఒక సెమిస్టర్ ఆడి, పక్క ఇంటికి మారి అక్కడో సెమిస్టర్ ఆడతారు. ఎవరు ఎన్నో సెమిస్టర్‌లో ఉన్నారు, ఎవరికి ఏ నైపుణ్యం బాకీ ఉందో నోటుపుస్తకంలోనో ఎక్సెల్ షీటులోనో రాసుకునేవాళ్లు చాలామంది. ఒక కుటుంబాన్ని పది తరాల పాటు నడిపే ‘లెగసీ’ సవాలు ఆడేవాళ్లకైతే కాలేజీ ఒక వ్యూహం. అన్నను ముందు పంపి అక్కడ ఆడకుండా ఆపితే, తమ్ముడు టీనేజీకి వచ్చి చేరేదాకా వాడు అదే వయసులో వేచి ఉంటాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకే రోజు పట్టా పుచ్చుకుంటారు.

‘సిమ్స్ 2’ పట్టాతో నాలుగు కొత్త ఉద్యోగ రంగాల తలుపులు తెరుచుకుంటాయి: ప్రకృతి శాస్త్రం, అతీంద్రియ శక్తులు, షో బిజినెస్, చిత్రకళ. కాలేజీ తరిమేస్తే అవి మూసుకుపోతాయి, మనిషి పెద్దవాడై ఊరికి తిరిగొస్తాడు. అందుకే కొందరు ఆటగాళ్లు కావాలని ఒకణ్ని ఫెయిల్ చేయిస్తారు. నలుగురు బుద్ధిమంతుల మధ్య ఒక్కడు ప్రొబేషన్ మీదుండి, రెండోసారీ పరీక్ష ఎగ్గొట్టి ఇంటికి చేరితే ఆ కుటుంబానికి కథ దొరుకుతుందని వాళ్ల నమ్మకం. ‘ది సిమ్స్’ 25 ఏళ్ల వేడుకల్లో భాగంగా 2025 జనవరి 31న ‘సిమ్స్ 2’ యూనివర్సిటీతో సహా ‘లెగసీ కలెక్షన్’గా మళ్లీ అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు హాస్టల్లోనే దిగి, మొదటి రాత్రి టర్మ్ పేపర్ రాయించి పడుకోబెడితే మేలు. ఆవు వేషంలో ఎవరైనా గుమ్మంలోకి వస్తే కాసేపు ఆట ఆపకుండా చూడనివ్వాలి.