అజంతా చీకటియు ఛాయాచిత్రమును

అజంతా కుడ్యచిత్రముల రేఖను, వర్ణమును, వానిలోని కరుణను విమర్శకులు పలువిధముల ప్రశంసించిరి. ఆ చిత్రములున్న చీకటి కూడ విచారింపదగినదే. వాఘోరా నదిపై వంపు తిరిగిన కొండను తొలిచి నిర్మించిన ఆ విహారములలో పగటి వెలుతురు లోపలి గోడలను చేరుసరికి మిక్కిలి పలుచనగును. ఈ చిత్రములను లోకమునకు చూపదలచిన ప్రతివానికిని ఎదురైన తొలి సమస్య చీకటియే.

మొదట ప్రతులు వ్రాయించిరి. 1844 నుండి రాబర్ట్ గిల్ యేండ్ల తరబడి వ్రాసిన ప్రతులలో పెక్కు 1866లో లండనులోని స్ఫటికసౌధమున అగ్నిపాలైనవి. పిదప జాన్ గ్రిఫిత్స్ బొంబాయి విద్యార్థులచే వ్రాయించిన వానిలోను చాలభాగము 1885లో దగ్ధమైనది. అజంతా హైదరాబాదు రాజ్యములో నున్నప్పుడు ఆ రాజ్య పురావస్తుశాఖను నడపిన గులాం యజ్దానీ 1930–55 మధ్య వెలువరించిన నాలుగు భాగములు ఛాయాచిత్రమును ఆధారము చేసికొన్నవి.

1990 తరువాతి తొలి యేండ్లలో బినోయ్ కె. బహల్ అవలంబించిన మార్గము వేరు. ఆయన మెరుపుదీపము నాశ్రయింపక, మందకాంతికే కెమెరాను తెరచియుంచి, ఫిలిముపై వెలుతురు మెల్లగా కూడునట్లు చేసెను. ఆ చిత్రములు 1998లో గ్రంథరూపము దాల్చినవి. ఈ పద్ధతి చెప్పుటకు తేలిక, చేయుటకు కష్టము. ఒక సెకనుకు బదులు రెండు నిమిషములు తెరచినచో 120 రెట్లు వెలుతురు లభించును. కాని దీర్ఘవ్యవధిలో ఫిలిము చురుకుదనము తగ్గును గనుక లెక్కకు మించి వేచియుండవలెను. రంగుల ఫిలిములోని మూడు పొరలును సమముగా మందగింపవు. అందుచే వర్ణము దారి తప్పును. కెమెరా వెండ్రుకవాసి కదలినను రేఖ చెదరును.

ఫలితము శ్రమకు తగినది. కెమెరా ప్రక్కనుండి ఒక్కసారిగా వచ్చు మెరుపు గోడను బల్లపరుపు చేయును. 1920–22లో ఇటలీ నిపుణులు పూసిన లక్కవార్నిషు మిగిలినచోట తళుక్కుమని వర్ణమును మ్రింగును. మొదటి గుహలోని పద్మపాణి ముఖమునకు నిండుదన మిచ్చునవి చిత్రకారుడు దిద్దిన వెలుగునీడలు. మెల్లగా చేరిన కాంతిలో అవి నిలుచును.

ఐనను ఒక ఆక్షేపము కలదు. నిమిషముల కాంతిని కూడబెట్టిన పుటలో గోడ యంతయు ఒక్కమారే తేటగా కన్పించును. కన్ను అట్లు చూడదు. దీపము చేబూని వచ్చిన నాటి భిక్షువునకు మొదట నొక చేయి, పిదప నొక పద్మము, ఆపై వాలిన కనురెప్పలు కన్పించి యుండును. ఆ క్రమము, ఆ నిరీక్షణము పుటలో లేవు. చిత్రకారుడు వ్రాసినదానిని ఛాయాచిత్రము చూపును. చూపరి పొందినదానిని చూపజాలదు.

ఇది ఛాయాగ్రాహకుని దోషము కాదు, అతని కళకు గల హద్దు. రెండుమారులు అగ్నిపాలైన ప్రతుల చరిత్ర నెరిగినవారు గోడను ముట్టక వర్ణమును భద్రపరచిన ఈ కృషిని తక్కువ చేయరు. కాని పుటను చూచినవాడు గుహను చూచితి ననుకొనరాదు. ఫిలిము గోడయెదుట నిలిచినంతసేపైనను పాఠకుడు పుటయెదుట నిలుచుట న్యాయము.