బౌడ్లరైజ్: ఒక క్రియాపదం కథ

ఇంగ్లీషులో ‘బౌడ్లరైజ్’ అని ఒక క్రియాపదం ఉంది. తరచు వినబడే మాట కాదు. ఒక గ్రంథంలో మర్యాదకు భంగమని తోచిన భాగాలను తొలగించి, మిగిలినదాన్నే గ్రంథంగా చెలామణీ చేయడమని దాని అర్థం. సంక్షేపం వేరు, అది నిడివి కోసం. నిషేధం వేరు, అది పుస్తకాన్ని బాహాటంగా లాక్కుపోతుంది. ఇక్కడ పుస్తకం మన చేతిలోనే ఉంటుంది. కోత మాత్రం కనబడదు. నిషేధంకంటె ఇదే ప్రమాదకరమని నా వాదన.

1807లో ఇంగ్లండులోని బాత్ నగరంలో ‘ఫ్యామిలీ షేక్స్పియర్’ పేరుతో 20 నాటకాలు అచ్చయినాయి. సంపాదకుల పేరు లేదు. 1818లో థామస్ బౌడ్లర్ దానిని 36 నాటకాలకు, 10 సంపుటాలకు పెంచి తన పేరుతో ప్రకటించాడు. కుటుంబంలో పైకి చదవరాని మాటలు తీసివేశానని ముఖపత్రం మీదనే చెప్పుకున్నాడు. కాని ఏ పుటలో ఏది పోయిందో పాఠకునికి తెలిసే దారి లేదు. ‘నాలుగవ హెన్రీ’ రెండవ భాగంలో సారాయి కొట్టు వేశ్య డాల్ టేర్‌షీట్ పాత్రే మాయమయింది. రాజుల కుట్రలూ హత్యలూ మాత్రం కుటుంబ పఠనానికి పనికివచ్చాయి! ఎవరి మర్యాద ఇది?

మొదటి కూర్పు చేసినది నిజానికి బౌడ్లర్ సోదరి హెన్రియెట్టా. ఆ మాటల అర్థం తనకు తెలుసునని పెళ్లికాని స్త్రీ ఒప్పుకుంటే ఆనాటి సంఘం సహించదు. షేక్స్పియర్‌ను కోసిన కత్తెరే ఆమె పేరునూ కోసింది. అపకీర్తి కూడా తమ్మునికే దక్కింది. బౌడ్లర్ 1825లో చనిపోయాడు. 1836లో రాడికల్ రాజకీయవాది పెరొనెట్ థాంప్సన్ ఒక లేఖలో ఈ క్రియను వాడాడు. మనకు తెలిసిన తొలి ప్రయోగం అదే. ఈ మాట నిఘంటుకారుని బల్ల మీద కాదు, రాజకీయ వాదంలో వెలుగు చూసింది.

తెలుగులో దీనికి సరియైన మాట లేదు. పని మాత్రం జరిగింది. ‘పరిష్కరణ’ అన్న గౌరవనామం దాన్ని కప్పింది. తంజావూరు ఆస్థానకవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనం’ 1887లో అచ్చయినప్పుడు కొన్ని పద్యాలతోపాటు అవతారిక కూడా పోయింది. పద్యాల్లో శృంగారం ఉందంటారు, సరే. అవతారికలో ఏముంది? ఒక స్త్రీ తన వంశంలోని స్త్రీలను తలచుకుని, తన విద్వత్తును తానే చెప్పుకున్నది. అశ్లీలం ఎక్కడ? తీసివేసినదాన్ని చూస్తేనే తీసివేసిన చేయి ఎవరిదో తెలుస్తుంది.

ఆ కావ్యంలో స్త్రీలు వినరాని భాగాలున్నాయని వీరేశలింగంగారంతటి సంస్కర్త రాశారు. బౌడ్లర్ వాదమూ అదే కదా! బెంగుళూరు నాగరత్నమ్మ మూలాన్ని వెదకి 1910లో సమగ్రంగా ప్రకటించింది. 1911లో బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం ప్రభుత్వం నిషేధం ఎత్తివేసింది. నిషేధానికి ఆజ్ఞ ఉంది, తేదీ ఉంది. కాబట్టే దానితో పోరాడగలిగారు. 1887నాటి కోతను కనిపెట్టడానికి మాత్రం మూలప్రతిని చూసిన ఒక నాగరత్నమ్మ కావలసివచ్చింది.

బడిపిల్లల కోసం ఏరడం తప్పని నేననను. ఏరినచోట చుక్కలు పెట్టండి, కారణం రాయండి. అభ్యుదయం పేరుతో పాతకవుల భక్తినో మొరటుతనాన్నో చెప్పకుండా తీసివేసేవారికీ ఇదే మాట. ప్రజల కోసం అంటూ ప్రజలకు తెలియకుండా చేసే కోతకు మన పత్రికల్లోనూ పేరు అదే: బౌడ్లరైజ్.