సీసాలో కొమ్మ: సలహాలో లోపం

ఇంటి తోటల గురించి మన పత్రికల్లో, చిన్న పుస్తకాల్లో, ఈమధ్య సెల్‌ఫోన్ వీడియోల్లో తరచుగా కనిపించే సలహా ఒకటుంది. కొమ్మను కణుపు కింద కోసి నీళ్ళ సీసాలో పెట్టండి, గది ఉష్ణోగ్రతలో ఉంచండి, రెండు మూడు వారాల్లో వేళ్ళు వస్తాయి. పక్కన ఒక ఫొటో: కిటికీలో గాజు సీసా, అందులో జానెడు పొడవున తెల్లటి వేళ్ళు. మీరూ అలాగే చేసి ఉంటారు. పది రోజులకు నీళ్ళు మురిగి, కొమ్మ అడుగు నల్లగా, జిగటగా తయారైంది. చేతివాటం లేదని మిమ్మల్ని మీరే నిందించుకున్నారు.

నా ఉద్దేశంలో తప్పు ఆ సలహాది. అది నీళ్ళ గురించి చెబుతుంది, గాలి సంగతి ఎత్తదు.

వేరు కూడా శ్వాసిస్తుంది. నీట మునిగిన వేరుకు ఆ నీటిలో కరిగిన ఆక్సిజనే ముఖ్యాధారం. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర లీటరు నీటిలో గాలి నుంచి కరిగేది మహా అయితే 9 మిల్లీగ్రాములు. 35 డిగ్రీలకు అది 7కు దిగుతుంది. పైగా ఆక్సిజన్ గాలిలో కంటే నిలవనీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. వేడి పెరిగితే సరఫరా తగ్గడమే కాదు, అవసరమూ పెరుగుతుంది. పది డిగ్రీలు హెచ్చితే శ్వాసక్రియ వేగం సుమారు రెట్టింపు. నీటిలోని బాక్టీరియాదీ అదే తీరు. ఇలా ఊపిరాడక నీరసించిన వేళ్ళ మీద పిథియం అనే శిలీంధ్రం లాంటి జీవి దాడి చేస్తుంది. దాని సిద్ధబీజాలు నీళ్ళలో ఈదుకుంటూ పోగలవు. పిథియం అఫానిడెర్మేటమ్ అనే జాతి అయితే 30 డిగ్రీలు దాటాకే విజృంభిస్తుంది.

ఇక్కడ అనువాదకుడిగా నా తప్పు కూడా ఒప్పుకోవాలి. 'రూమ్ టెంపరేచర్' అన్నచోట 'గది ఉష్ణోగ్రత' అని రాసి ముందుకు పోయినవాణ్ణే నేనూ. ఇంగ్లండులో రాసేవారి మనసులో ఆ మాటకు అర్థం 20 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది అంటే 35 పైమాటే. మాటను సరిగానే దించాను, దాని వెనుక ఉన్న అంకెను వదిలేశాను.

కొన్ని సలహాలు మరీ విపరీతం. కాచి చల్లార్చిన నీళ్ళు పొయ్యమన్నది చదివాను. కాస్తే క్రిములతోపాటు కరిగిన గాలీ పోతుంది. సన్నమూతి సీసాలో అది మళ్ళీ చేరడానికి చాలాసేపు పడుతుంది. రాగి కోసం నాణెం వెయ్యమంటారు ఇంకొందరు. మన రూపాయి నాణెం స్టెయిన్‌లెస్ స్టీలుది. నిజంగా రాగే వేస్తే, మోతాదు మించినప్పుడు అది వేళ్ళకే విషం.

మరేం చెయ్యాలి? వెడల్పు మూతి పాత్ర తీసుకోండి. ఒకటి రెండు కణుపులు మునిగితే చాలు, నిండుగా పొయ్యకండి. నీట మునిగే ఆకులు ముందే తుంచెయ్యండి. ఎండాకాలం రోజూ, చలికాలం రెండు మూడు రోజులకోసారి నీళ్ళు పారబోసి, పాత్ర లోపలి జిగురు తోమి, కొత్తనీళ్ళు పైనుంచి ధారగా పొయ్యండి. ధారలో గాలి కలుస్తుంది. తెలంగాణ, రాయలసీమల పొడి వేడిలో చెమర్చే మట్టిముంత నీటిని కొంత చల్లగా ఉంచుతుంది. వెలుతురు సోకనివ్వదు కనుక నాచూ పట్టదు. సముద్రతీరపు ఉక్కలో మాత్రం ఆ చల్లదనం ఆశించకండి. అప్పటికే వేరు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి, వాసన వస్తుంటే గట్టిగా ఉన్న భాగం దాకా కోసేసి, శుభ్రమైన పాత్రలో మళ్ళీ మొదలుపెట్టాలి.

అన్ని మొక్కలకూ ఒకే మంత్రం చెప్పడం మరో లోపం. మనీప్లాంటు కణుపు దగ్గర గోధుమరంగు బుడిపెలు కనిపిస్తాయి. అవి రాబోయే వేళ్ళే. పుదీనా, కోలియస్ కూడా తేలిక. ముదిరిన గులాబి కొమ్మకు, మల్లెకు నీళ్ళకన్నా తడి ఇసుక మేలు. ఇసుక రేణువుల మధ్య గాలి ఉంటుంది. మునగ కొమ్మను నేరుగా నేలలో పాతడం మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక ఆ ఫొటో. జానెడు వేళ్ళను విజయానికి గుర్తుగా చూపిస్తారు. నిజానికి అప్పటికే ఆలస్యమైంది. నీటిలో పుట్టిన వేళ్ళు పెళుసు. మట్టిలో నీరు పీల్చడానికి తోడ్పడే మూలకేశాలు చాలా మొక్కల్లో వాటికి తక్కువ. పొడవు పెరిగినకొద్దీ నాటేటప్పుడు విరిగేవీ ఎక్కువ. ఒకటి రెండు అంగుళాలు రాగానే గుల్లటి మట్టిలోకి మార్చి, వారం పది రోజులు నీడలో, మట్టి ఆరకుండా చూసి, ఆ తరువాత నీళ్ళు మెల్లగా తగ్గించాలి. ఈ మాట ఏ ఫొటో కిందా నేనింతవరకు చూడలేదు.